గులాబీ రంగు మందు

నలభై ఏళ్లుగా నేను ప్రభుత్వ డిస్పెన్సరీల్లో మందులిస్తున్నాను. అండమాన్‌లో మందులిచ్చేవాడి దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది దురద. చెమట దురద, జలగ దురద, ఇసుక పురుగుల దురద, అన్నిటినీ మించి సముద్రం దురద. టూరిస్టులు వస్తారు, నీళ్లలో దిగుతారు, ఏదో తగులుతుంది, గోక్కుంటూ వచ్చి నా కిటికీ ముందు నిలబడతారు. "సముందర్ నే కాటా," సముద్రం కుట్టింది, అంటాను. ఐదు సెట్రిజిన్ మాత్రలు, ఒక గులాబీ రంగు కాలమైన్ సీసా. తలెత్తి చూడను. గోక్కునేవాడి ముఖంలో చూడ్డానికి ఏముంటుంది?

ఇది రెండువేల పద్నాలుగు డిసెంబరు మాట. నాకప్పుడు యాభై ఎనిమిదేళ్లు. పోర్ట్ బ్లెయిర్ శివారు సిప్పీఘాట్‌లో, డిస్పెన్సరీకి రెండు సందుల అవతల మా ఇల్లు. ఇంట్లో ముగ్గురం. మా నాన్న నూకన్న, నేను గణేశ్వరరావు, నా కూతురు అసిరమ్మ. నా భార్య పద్మావతి పోయి ఆరేళ్లయింది. పిల్లకి మా అమ్మ పేరు పెట్టుకున్నాం. అది పనిచేసే డైవింగ్ షాపులో మాత్రం ఆ పేరు ఎవరికీ నోరు తిరగక "ఆషీ దీదీ" చేశారు. పాతికేళ్లకే టూరిస్టులకి సిలిండరు కట్టి, చెయ్యి పట్టుకుని, సముద్రం అడుగు చూపించి తీసుకొస్తుంది.

మా నాన్నా సముద్రం అడుక్కి దిగినవాడే. బారువ దగ్గర పల్లె నుంచి పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఈ దీవులకొచ్చి, బొత్తాల ఫ్యాక్టరీలకి పంపే గవ్వల కోసం దిగేవాడు. వాళ్లకి సిలిండర్లు లేవు. పడవ మీద ఒక కంప్రెసరు, దానికొక పొడుగాటి గొట్టం. ఆ గొట్టం నోట్లో పెట్టుకుని, నడుముకి సీసం కట్టుకుని దిగిపోవడమే. డెబ్బై అయిదులో ఒకరోజు పడవ దిగినవాడు జెట్టీ మీద కూర్చుని మళ్లీ లేవలేదు. నడుము కింద చచ్చుబడింది. వాతం అన్నారు. చల్లనీళ్లలో నానితే వాతం రాదా మరి అని అందరూ తలాడించారు. నేనూ ఆడించాను. అప్పటినుంచి ఆయన్ని ఎత్తడం, దించడం, కడగడం, తిప్పి పడుకోబెట్టడం. మొదట అమ్మ చేసింది, తర్వాత పద్మావతి, ఇప్పుడు నేను.

అందుకని మా ఇంట్లో అలసట అనే మాటకి విలువ లేదు. పొద్దున్నే లేస్తూ "అబ్బా, ఒళ్లు హూనమైపోయింది" అని నేనంటాను. పడుకుని పడుకుని విసుగొచ్చిందని నాన్నంటాడు. అసిరమ్మ సీజన్‌లో రోజుకి మూడుసార్లు దిగి, తడి సామాను మోసి, "థక్ గయీ నాన్నా" అంటూ గడపలో కూలబడుతుంది. ఎవరూ ఎవరికీ జవాబు చెప్పం.

ఆ గురువారం సాయంత్రం నేను నాన్న కాలిగోళ్లు తీస్తున్నాను. స్పర్శ లేని కాళ్ల గోళ్లు మందంగా పెరుగుతాయి. బ్లేడు జారితే ఆయనకి తెలీదు, నేనే చూసుకోవాలి. అసిరమ్మ వచ్చి, తన రబ్బరు సూటు కడిగి నా ఎదురుగానే తీగ మీద ఆరేసింది. మెడ నుంచి మోకాళ్ల దాకా ఒళ్లంతా కప్పే సూటు అది. నీళ్లు కారుతూ నా కళ్లముందే వేలాడుతోంది.

"నాన్నా, ఖుజ్లీ పెడుతోంది."

"ఎక్కడ?"

"పొట్ట మీద. వెనక భుజాల కింద కూడా."

"జెల్లీ చేప తగిలుంటుంది. అలమారాలో సీసా ఉంది, రాసుకో."

అది కాసేపు అక్కడే నిలబడింది. "ఒకసారి చూస్తావా?" అంది.

చూడ్డానికి నాకేదో అడ్డొచ్చింది. తల్లి పోయాక, ఎదిగిన పిల్ల పొట్టా వీపూ తండ్రి చూడ్డం ఏమిటన్న బిడియం ఒకటి. అరచేతిలో నాన్న పాదం మరొకటి. కానీ ఈ రెండూ సాకులే. అసలు సంగతి, నేను రోజంతా దురదలే చూసొచ్చాను. ఇంట్లో ఇంకొకటి చూసే ఓపిక లేదు.

"ఏముంది చూడ్డానికి, ఒక మాత్ర కూడా వేసుకో," అన్నాను.

రబ్బరు సూటు కింద పొట్ట మీదికి జెల్లీ చేప ఎలా వచ్చిందని నాకు తట్టలేదు. సూటు ఎదురుగానే ఉంది. అయినా తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం అది కొంచెం హుషారుగానే వచ్చింది. "నీ మందు బాగా పనిచేసింది నాన్నా. నీళ్లలో దిగానో లేదో దురద గాయబ్. పైకొచ్చిన గంటకి మళ్లీ మొదలైంది గానీ, పర్లేదు."

"సీసా ఉందిగా, ఇంకోసారి రాసుకో," అన్నాను.

"థకావట్ ఎక్కువగా ఉంది ఈసారి."

"సీజన్ కదమ్మా."

అన్నం వద్దని ఏడింటికే పడుకుంది. పిల్ల తినకుండా పడుకుంటే పద్మావతి ఊరుకునేది కాదు. నేను మూతపెట్టి ఊరుకున్నాను.

శనివారం పొద్దున అయిదున్నరకే ఎండొచ్చేసింది. మా దీవుల్లో సూర్యుడికి నిద్ర తక్కువ. నేను టీ వడకడుతున్నాను. నాన్న మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అసిరమ్మ సంచీ సర్దుకుంటూ మధ్యలో చెయ్యి వెనక్కి పెట్టి వీపు గోక్కుంటోంది. సీసా తీసి చూసింది. అడుగున కొంచెం మిగిలింది.

నాన్న నవ్వాడు. "దురదకి మందెందుకే గుంటా? నాకూ అలగే ఒచ్చీది. పొట్టంతా, ఈపంతా. మల్లీ గొట్టం నోట్లో ఎట్టుకుని దిగితే సముద్రవే తీసీసీది. పైకొత్తే మల్లీ మొదలు. ఆకరికి నీల్ల కిందే సుకంగా ఉండీది."

"నాకూ అంతే తాతా," అంది అసిరమ్మ. "నిన్న దిగగానే బిల్కుల్ లేదు."

నా చేతిలో జల్లెడ ఆగిపోయింది.

చేప కుట్టిన దురదకి నువ్వు నీళ్లలో ఉన్నావా గట్టు మీద ఉన్నావా అన్న పట్టింపు లేదు. అది రెండుచోట్లా మండుతుంది. నీళ్ల కిందికి పోతే పోయి, పైకి వస్తే వచ్చేదాని గురించి నేనొకసారి విన్నాను. పదేళ్ల కిందట మాకు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ట్రైనింగ్ పెట్టారు. నేవీ డాక్టరొకాయన వచ్చి, లోతుకి దిగినవాడి ఒంట్లో గాలి ఎలా కరుగుతుందో, గబుక్కున పైకొస్తే సోడా మూత తీసినట్టు ఎలా బుడగలు కడుతుందో చెప్పాడు. ఆ బుడగలు చర్మంలో ఉంటే దురద, మచ్చలు. వెన్నుపాములోకి పోతే కాళ్లు పోతాయి. దురదకి ముందో వెనకో, కారణం లేని అలసట వస్తుందనీ చెప్పాడు. నేను వెనక వరసలో సగం నిద్రలో ఉన్నాను. కాళ్లు అన్న మాట దగ్గర నాన్న గుర్తొచ్చాడు. ఉలిక్కిపడి లేచాను కూడా. ఇంతలో టీ ఇచ్చారు. టీ తాగి ఆ సంగతి వదిలేశాను. తెలుసుకుంటే ఏం లాభం, ఆయన కాళ్లు తిరిగొస్తాయా అనుకున్నాను. నిజానికి తెలుసుకోవడానికి భయపడ్డాను.

"సరే, వెళ్తున్నా. ఆరుగురు కస్టమర్లున్నారు ఇవాళ," అంటూ అసిరమ్మ సంచీ భుజానేసుకుని మెట్టు దిగింది.

ఎడమకాలి చెప్పు గడపలోనే ఉండిపోయింది. అది ఉత్తకాలితో రాళ్ల మీద నాలుగడుగులు వేసింది. చెప్పు లేదని దానికి తెలీలేదు.

"అసిరీ!" అని అరిచాను. ఆ అరుపుకి నాన్న కూడా అదిరిపడ్డాడు.

వెనక్కి తిరిగింది. నేను చెప్పు చూపించాను. తన కాలివైపు చూసుకుంది. ముఖం పాలిపోయింది.

"లోపలికి రా. వీపు చూపించు."

ఈసారి నాకు ఏ బిడియమూ అడ్డురాలేదు. అది అటు తిరిగి చొక్కా పైకెత్తింది. భుజాల కింద నుంచి నడుము దాకా ఊదా మచ్చలు, మార్బుల్ రాయి మీద చారల్లా ఒకదాన్నొకటి అల్లుకుని ఉన్నాయి. వాటి మీద నా గులాబీ మందు ఎండి పొలుసులు లేచింది.

ఆ వీపు నేను ముందే చూశాను. పంతొమ్మిదేళ్లప్పుడు. డిస్పెన్సరీలో ట్రైనింగ్‌కి చేరి పది రోజులు కాలేదు. మొదట నేర్పిన మందు కాలమైన్. నాన్న దురదంటే ఒక సీసా తెచ్చి, ఎంతో గొప్పగా, నా చేత్తో ఆయన వీపంతా రాశాను. నా జీవితంలో నేను చేసిన మొదటి వైద్యం అది. "కొడుకు డాక్టరైపోయినాడు" అని ఆయన పాకలన్నిటికీ వినబడేలా అరిచాడు. మర్నాడు పొద్దున పడవెక్కాడు. ఆ సాయంత్రమే జెట్టీ మీద కూలబడ్డాడు.

"ఏం జరిగింది గురువారం?" అని అడిగాను.

"కుచ్ నహీ."

"అసిరీ."

సంచీ కింద పెట్టింది. "ఒక కస్టమరు కింద భయపడ్డాడు నాన్నా. మాస్కు పీకేసి పైకి తోసుకుపోయాడు. చెయ్యి వదల్లేక నేనూ పోయాను. చాలా ఫాస్టుగా. మెల్లగా రమ్మని మణికట్టు మీది డైవింగ్ కంప్యూటరు మోగుతూనే ఉంది."

"షాపులో చెప్పావా?"

"చెప్తే డైవింగ్ బంద్ చేయిస్తారు. నెలో, రెండు నెలలో. సీజన్ అంతా పోతుంది. మధ్యాహ్నం మళ్లీ దిగాను."

"ఈ దురద సంగతి నీకు పాఠంలో లేదా? నువ్వే కదా అందరికీ చెప్తావు?"

అది నేలకేసి చూసింది. "ఉంది. ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. సూటు కింద దురద, మచ్చలు, అలసట. వెంటనే చెప్పండి, మళ్లీ దిగొద్దు, విమానం ఎక్కొద్దు అని." మెల్లగా అంది, "నువ్వు ఎలర్జీ అంటే ఎలర్జీయే అయిపోతుందనుకున్నాను. అందుకే చూడమన్నాను."

"నేను చూడలేదు కదా."

"చూడకుండానే చెప్పావుగా నాన్నా. చాలనిపించింది."

కోపం వచ్చింది. దాని మీదో నా మీదో తేల్చుకునే తీరిక లేదు. చాప పరిచి వెల్లకిలా పడుకోమన్నాను. తల కింద దిండు తీసేశాను. నీళ్లు తాగించాను. డిస్పెన్సరీ తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. పరిగెత్తాను. ఆ వయసులో, ఆ ఎండలో, చిన్న ఆక్సిజన్ సిలిండరు భుజాన వేసుకుని వస్తుంటే వీధి వీధంతా చూసింది. మాస్కు దాని ముఖానికి పెట్టి పక్కింటి గవరయ్య జీపు పిలిచాను. డ్రైవింగ్ సీట్లోంచే "క్యా హువా భయ్యా?" అంటూ వచ్చినవాడు పిల్లని చూసి దిగి వెనక తలుపు తెరిచాడు.

డైవింగ్ షాపుకి ఫోన్ చేశాను. "ఆషీ రాదు," అన్నాను. ఎందుకని అడిగాడు ఓనరు. చెప్పాను. "ఆక్సిజన్ పెట్టారా అంకుల్? నేవీ ఆసుపత్రికి నేను ఫోన్ చేస్తాను, మీరు నేరుగా వచ్చెయ్యండి," అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాడికి భయపడి పిల్ల రెండు రోజులు దాచింది.

జీపు కదిలేటప్పుడు నాన్న మంచం మీంచి కిటికీలోకి ఒరిగి అడిగాడు. "ఒరే గణేశూ, గుంటకి ఏటయినాదిరా?"

విడమరిచి చెప్పే ఓపిక లేకపోయింది. "నీకైందే," అనేసి జీపెక్కాను.

నేవీ ఆసుపత్రిలో డాక్టరు మా అమ్మాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. మచ్చలు చూసింది, కాళ్ల మీద దూదితోనూ సూదితోనూ గీసి చూసింది. ఎడమకాలు మోకాలి కింద సగం సగం తెలుస్తోంది. దురద ఎప్పుడు మొదలైందని హిందీలో అడిగింది.

"గురువారం సాయంత్రం," అన్నాను.

"ఎవరికైనా చూపించారా?"

"నాకు."

"మీరేం చేస్తుంటారు?"

"ఫార్మసిస్టుని. ప్రభుత్వ డిస్పెన్సరీ."

"ఏమిచ్చారు?"

"కాలమైన్. సెట్రిజిన్."

ఆమె రాసుకుంది. తిడితే బాగుండేదనిపించింది. తిట్టినవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. రాసుకునేవాళ్లకి ఏం చెప్తాం?

పెద్ద ఇనప ట్యాంకు లాంటి గదిలోకి దాన్ని తీసుకెళ్లారు. తలుపు బిగించి, లోతు నీళ్ల కింద ఉన్నంత ఒత్తిడి పెట్టి, ఆక్సిజన్ పీల్పిస్తూ మెల్లమెల్లగా పైకి తెస్తారట. అయిదు గంటలు. గుండ్రటి చిన్న కిటికీలోంచి దాని పాదాలు మాత్రం కనిపించాయి. బెంచీ మీద కూర్చుని ఆ పాదాలే చూశాను. నాన్న పాదాల గోళ్లు ఎన్ని వందలసార్లు తీశానో లెక్కేలేదు. ఈ పాదాలకీ తీయాల్సొస్తే తియ్యడానికి నేనెన్నాళ్లుంటాను? నా తర్వాత ఎవరున్నారు దీనికి? ముప్ఫై తొమ్మిదేళ్ల అలసట అంతా ఆ బెంచీ మీదే నా మీద పడింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను. గవరయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

మధ్యాహ్నం బయటికి తెచ్చారు. దురద లేదంది. మచ్చలు పలచబడ్డాయి. ఎడమకాలు ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది. ఆదివారం మళ్లీ ఒకసారి, సోమవారం ఇంకొకసారి అందులో పెట్టారు. "ఇంకొకసారి దిగి ఉంటే నేనేమీ మాట ఇవ్వలేకపోయేదాన్ని," అంది డాక్టరు. రెండు నెలలు నీళ్లలోకి వద్దంది. విమానం ఊసే వద్దంది.

ఆ మూడు రోజులూ నాన్నని గవరయ్య భార్య చూసుకుంది. పాపం ఆవిడే అంతా చెప్పేసినట్టుంది. మంగళవారం పొద్దున మేం వచ్చేసరికి ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"నడు," అన్నాడు అసిరమ్మతో.

"తాతా?"

"నా ముందల ఒకపాలి నడు. గడప కాడనుంచి నా మంచం కాడికి."

అది చెప్పులు విడిచి నడిచింది. ఎడమ అడుగు కొంచెం తడబడింది గానీ నడిచింది. మంచం దాకా వచ్చి, వెనక్కి గడప దాకా పోయి, మళ్లీ వచ్చింది. ఆయన దాని ముఖం చూడలేదు. పాదాలే చూశాడు. చాలు అన్నట్టు చెయ్యెత్తాడు. అది లోపలికి పోయి పడుకుంది.

"అయితే నాది వాతం కాదన్నమాట," అన్నాడు నాతో.

"కాదు నాన్నా."

"అప్పుడూ ఉండీదా ఆ ట్యాంకీ?"

"తెలీదు. ఉండేది కాదేమో. ఎవరినీ అడగలేదు మనం."

ఆయన తలూపాడు. నేను చెప్పాల్సింది చెప్పేద్దామనుకున్నాను. ఆ మచ్చలు మొదట చూసింది నేనేననీ, నువ్వు పడవెక్కుతుంటే ఆపకుండా సాగనంపింది నేనేననీ. నోరు తెరిచాను. ఆయనే అందుకున్నాడు.

"ఆ దినం నువ్వొక మందు రాసినావు, గేపకం ఉందేటి? గులాబీ రంగుది. ఎంత సల్లగుండీదో, బాబూ. ఆ రేతిరి అది రాయబట్టే కంటికి కునుకొచ్చినాది. నేకపోతే పొద్దున పడవెక్కీవోడినే కాదు."

నన్ను మెచ్చుకుంటున్నాడు. ముప్ఫై తొమ్మిదేళ్లు దాచుకున్న మెప్పు అది. ఆయన ముఖం మీద ఎక్కడా నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకునేవాణ్నేమో.

"ఉందేటి ఆ మందు? కూసింత రాయి," అన్నాడు.

"దురదగా ఉందా నాన్నా?"

"దురద నేదు. రాయి."

అలమారాలో సీసా అడుగున కొంచెం మిగిలి ఉంది. ఆయన్ని పక్కకి తిప్పి, చొక్కా ఎత్తి, ఎముకలు తేలిన ఆ వీపుని మొదట పూర్తిగా చూశాను. భుజాల కింద నుంచి నడుము దాకా, ఎక్కడా తొందరపడకుండా. అప్పుడు మందు అరచేతిలో ఒంపుకుని రాశాను.